పండగ లక్కీ డ్రాలు: కూపన్ కంటే ముందు బిల్లు అడగండి

దసరా దగ్గరపడింది. నెల్లూరు ట్రంకు రోడ్డు నుంచి కావలి, ఒంగోలు దాకా అంగళ్ల ముందు కారు బొమ్మల ఫ్లెక్సీలు లేస్తున్నాయి. పెద్ద ఆన్‌లైన్ కంపెనీల పేరు పెట్టి పోస్టులో వచ్చే స్క్రాచ్ కార్డులూ మళ్లీ మొదలయ్యాయి. ఓటీపీ చెప్పొద్దన్నది అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం.

జనం మునిగేది ఇంకోచోట. కూపన్ జాగ్రత్తగా దాచుకుంటారు, బిల్లు తీసుకోరు. బంగారమైతే 3 శాతం జీఎస్టీ మిగులుతుందని తెల్లచీటీతో సరిపెట్టుకుంటారు. రేపు డ్రా తీయకపోయినా, బహుమతి ఎగ్గొట్టినా, ఆ అంగట్లో కొన్నట్టు చూపించడానికి చేతిలో ఏముంటుంది? బిల్లు ఇవ్వకపోవడమే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. కాబట్టి గట్టిగా అడగండి. కూపన్ నంబరు బిల్లు మీద రాయించి ముద్ర వేయించండి. రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకోండి, ఎందుకంటే మెషిన్ బిల్లు మీద అక్షరాలు కొన్నాళ్లకే వెలిసిపోతాయి.

ఆ చట్టంలోనే ఇంకొన్ని ఉన్నాయి. ఇచ్చే ఉద్దేశం లేకుండా బహుమతి ప్రకటించడం తప్పు. రేటులో కలిపేసి ‘ఫ్రీ’ అనడం తప్పు. నిబంధనల్లో మినహాయించినవి తప్ప, అమ్మకాల కోసం లాటరీ పెట్టడమే తప్పు. స్కీము అయిపోయాక ఫలితాలు దాచడమూ తప్పే. పేపర్లో ప్రకటించిన స్కీమైతే, ఫలితాలు కూడా అదే పేపర్లో తగిన గడువులోగా, కళ్లకు కనపడేట్టు వేస్తే చెప్పినట్టు లెక్క. అందుకే ఆ ప్రకటన కత్తిరించి బిల్లుతో కలిపి ఉంచుకోండి. (బిల్లు ఉంటేనే లెండి.)

ఇక పన్ను సంగతి. 10,000 రూపాయలు దాటిన ప్రైజుకు 30 శాతం పన్ను ఉన్నమాట నిజమే. వస్తువైతే, పన్ను కట్టాకే చేతికివ్వాలి. ముందు పన్ను కట్టమని డబ్బు గుంజడానికి మోసగాళ్లకు దొరికిన సందు ఇదే. అసలు పన్ను మీ పాన్ మీద ప్రభుత్వానికి జమవుతుంది, ఎవరి ఫోన్‌పే నంబరుకో పోదు.

నెలనెలా కట్టించుకుని, డ్రా తగిలినవాళ్లు మిగతా కంతులు కట్టక్కర్లేదనే స్కీముల్లో చేరకండి. 1978 నాటి ప్రైజ్ చిట్ల నిషేధ చట్టం ఇలాంటివాటి కోసమే వచ్చింది. ప్రైజు తీసుకునేటప్పుడు అసలు కూపన్ ఇచ్చేముందు రెండు వైపులా జిరాక్స్ తీయించండి. ‘అందింది’ అని ముందే సంతకం పెట్టకండి. తెల్లచీటీ వద్దు. బిల్లు మీ పేరుతోనే ఉండాలి. మేనేజరు ఇచ్చిన నోటిమాట వద్దు, కాగితం మీద రాసిమ్మనండి. ప్రైజు ఇవ్వకపోతే అంగడికి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చెన్నై టీ.నగర్‌లో కొన్నా, మీరుండేది నెల్లూరైతే నెల్లూరులోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. మోసగాళ్లకు డబ్బు పంపేసి ఉంటే మాత్రం ఇవేవీ చూడకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి.