డ్యాం తూము దాటిన చేపలు, గుడ్లు ఎన్ని బతుకుతాయో పరీక్షించే విధానం

మైలవరం, గాజులదిన్నె, సుంకేసుల వంటి చోట్ల గేట్లు ఎత్తినప్పుడు నీటితో పాటు చేపపిల్లలు, గుడ్లు కూడా దిగువకు కొట్టుకుపోతాయి. మరునాడు దిగువ మడుగులో తేలిన చేపలను లెక్కపెట్టి ఇంత నష్టమని రాసుకుంటే అది పరీక్ష అనిపించుకోదు. చచ్చినవన్నీ తేలవు, తేలినవాటిలో కొన్ని కొంగల పాలవుతాయి, మిగిలినవన్నీ తూములోనే చచ్చాయన్న రుజువూ ఉండదు. తూము చేసిన హానిని మన బకెట్టు, వల, తొట్టి చేసిన హాని నుంచి వేరుచేసి చూపగలిగితేనే లెక్కకు విలువ ఉంటుంది.

పరీక్ష కోసమే నీళ్లు వదలమని రాయలసీమలో ఎవరూ అడగలేరు. కాబట్టి ఆయకట్టుకు నీళ్లు విడుదల చేసే రోజులను ముందుగా తెలుసుకుని, జలవనరుల శాఖ, మత్స్యశాఖల అనుమతి తీసుకుని, గేటు దగ్గర ఉండే లస్కరుతో సమయం ఖరారు చేసుకోవాలి. చేపలు వదిలే ప్రతిసారీ ఎగువ, దిగువ నీటిమట్టాలు, గేటు ఎన్ని అంగుళాలు ఎత్తారో, ఎన్ని క్యూసెక్కులు పోతున్నాయో రాసుకోవాలి. నీటిమట్టాల తేడా 20 మీటర్లుంటే లెక్క ప్రకారం నీరు సెకనుకు దాదాపు 20 మీటర్ల వేగంతో దూసుకొస్తుంది. గేటు కొద్దిగానే ఎత్తినా ఈ వేగం తగ్గదు, ధార మాత్రం పలచబడుతుంది. అందువల్ల ఒకే గేటును కనీసం రెండు ఎత్తులలో పరీక్షించడం మంచిది.

పీడనం విషయంలో చాలామంది పొరబడతారు. 30 మీటర్ల లోతులో వాతావరణ పీడనంతో కలిపి సుమారు 4 అట్మాస్ఫియర్ల పీడనం ఉంటుంది. ఆ లోతుకు అలవాటుపడిన చేప క్షణాల్లో బయటి పీడనానికి వస్తే దాని గాలితిత్తి (చేప నీటిలో తేలేందుకు కడుపులో ఉండే గాలి సంచి) ఉబ్బి పగలవచ్చు. తొట్టిలో పెంచిన పిల్లను గొట్టం ద్వారా లోతుకు పంపి వెంటనే బయటకు తీస్తే, తిత్తి నలిగి మళ్లీ మొదటి పరిమాణానికి చేరుతుంది. అంటే అసలు ప్రమాదం పరీక్షలో కనబడనే కనబడదు. పైగా బొచ్చె, రాగండి, ఎర్రమోసు నీటి పైకి వచ్చి గాలి మింగి తిత్తి నింపుకునే జాతులు. తిలాపియా రక్తంలోని వాయువుతోనే తిత్తి నింపుకోగలదు. కనుక ఒక జాతి మీద వచ్చిన ఫలితాన్ని మరో జాతికి అంటగట్టకూడదు. చేపలు ఏ లోతుకు అలవాటుపడి ఉన్నాయో నివేదికలో తప్పక చెప్పాలి.

పరీక్షకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు అనుకూలం. ఒక రోజు మేత ఆపి, గుంపుకొక రెక్క చొప్పున కొన కత్తిరించి గుర్తుపెట్టాలి. మొదటి గుంపును నునుపైన గొట్టం ద్వారా గేటుకు ఎగువన, రెండో గుంపును అంతే పొడవైన గొట్టంతో గేటుకు సరిగ్గా దిగువన, మూడో గుంపును నేరుగా వల నోటిలో వదలాలి. ముడులు లేని సంచివలను తెల్లగా నురగలు కక్కే ధారలో కట్టకూడదు. నీరు నెమ్మదించే చోట, చివర చేపలు ఆగే పెట్టెతో కట్టాలి. దొరికిన వాటిని వెంటనే ఒకసారి, 48 గంటల తర్వాత మరోసారి లెక్కించాలి. దొరకనివాటిని చచ్చినవిగానో బతికినవిగానో ఊహించక విడిగా చూపాలి. తూము దాటినవాటిలో 72 శాతం, దిగువన వదిలినవాటిలో 90 శాతం బతికితే, 72ను 90తో భాగించగా తూము దాటడంలో మనుగడ 80 శాతమని తేలుతుంది. మనుగడ 90 శాతం దగ్గర ఉండి, 5 శాతం అటూఇటూగా అంచనా కావాలంటే గుంపుకు దాదాపు 140 చేపలు తిరిగి దొరకాలి. రెండు గుంపులను పోల్చి భాగించినప్పుడు పొరపాటు పెరుగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ ఉంటే మేలు.

చచ్చిన చేపను చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా రెక్క విప్పి చూడాలి. రెక్క పొరలో సన్నని బుడగలు వరుసగా కనిపిస్తే నీటిలో వాయువులు మితిమీరి కరిగాయని అనుమానించాలి. కళ్లు ఉబ్బి, కోసి చూస్తే తిత్తి చిట్లి ఉంటే పీడనాన్ని, ఒకవైపు పొలుసులు రాలి మొప్పమూత చిరిగి ఉంటే ధార రాపిడిని కారణంగా రాయవచ్చు. గాయమేమీ లేక నోరు, మొప్పలు తెరుచుకుని చస్తే ప్రాణవాయువు కొరత కావచ్చు. వేసవిలో అడుగు తూము నీటికి కుళ్లిన గుడ్ల వాసన వస్తే ఆ అనుమానం బలపడుతుంది. దొరికిన చేపలను 48 గంటలు ఉంచే హాపా (నీటిలో కట్టే వల తొట్టి) మరీ లోతు తక్కువైతే, లోతు నీటిలో తట్టుకోగలిగిన చేపలు కూడా బుడగల వల్ల చస్తాయి. అందుకే హాపా లోతును, నీటిలోని వాయు సంతృప్తతను (వాయువులు ఎంత మేరకు కరిగి ఉన్నాయో) కూడా నమోదు చేయాలి.

గుడ్ల పరీక్షకు వ్యవధి చాలా తక్కువ. బొచ్చె, రాగండి గుడ్లు 27-30 డిగ్రీల నీటిలో సుమారు 14 నుంచి 18 గంటల్లో పొదుగుతాయి. హేచరీలో ఒకే విడత గుడ్లు తీసుకుని, ముందుగా ఫలదీకరణ శాతం చూసి, పిండం ఏ దశలో ఉందో రాసుకున్నాకే వదలాలి. తొలి దశ గుడ్డు చాలా సున్నితం. గుడ్డులో గాలితిత్తి ఉండదు కనుక పీడనం కంటే ధార చీల్చే బలమే దానికి పెద్ద శత్రువు. అర మిల్లీమీటరు కన్నుల వలతో పట్టి, తెల్లగా మారినవాటిని ఏరి, పారదర్శకంగా ఉన్నవాటిని జాడీల్లో పొదిగించాలి. వంకర తిరిగిన పిల్లలను వేరుగా లెక్కించాలి. చిట్లిన గుడ్డు పెంకు వల కన్నుల్లోంచి జారిపోతుంది కాబట్టి, దొరికినవాటినే లెక్కిస్తే మనుగడ ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. గేటు దిగువన వదిలిన గుడ్లలో ఎంత భాగం వలకు చిక్కిందో, తూము దాటినవాటిలో ఎంత చిక్కిందో పోల్చితేనే ఆ లోటు బయటపడుతుంది. గేటును పైకెత్తి అడుగు నుంచి నీరు వదిలే కట్టడాల్లో, నీరు పైనుంచి పొర్లే వాటికంటే చేపల లార్వాలు (గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లలు) ఎక్కువగా చచ్చాయని ఆస్ట్రేలియా పరిశోధనల్లో తేలింది. అందువల్ల వీలున్నచోట అదే విడత గుడ్లలో కొన్నింటిని నీరు పైనుంచి పొర్లే చోట కూడా వదిలి, రెండు ఫలితాలను పక్కపక్కన నమోదు చేయాలి.