కాలు గుంజితే ఆగొచ్చు, మూత్రం ఆగితే ఆగొద్దు

వెన్నుపాము నడుం చివరిదాకా ఉండదు. పెద్దవాళ్లలో అది ఎల్1, ఎల్2 అనే పై నడుం పూసల దగ్గరే ముగుస్తుంది. అక్కడినుంచి కిందికి నరాల కట్టొకటి గుర్రపు తోకలా వేలాడుతుంది. డాక్టర్లు కాడా ఈక్వైనా అనేది దాన్నే. ఆపరేషన్లకు నడుంలో మత్తు సూది ఈ ముగింపు కంటే కిందనే వేస్తారు. సూది వెన్నుపాముకు గుచ్చుకుంటుందన్న భయం అక్కర్లేదు.

సమస్య: పిర్ర నుంచి ఒక కాల్లోకి గుంజుడు

కారణం: పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ పక్కకు జారి ఒక నరాన్ని నొక్కుతోంది. ఎల్4, ఎల్5 పూసల మధ్య డిస్క్ అయితే సాధారణంగా ఎల్5 నరం నలుగుతుంది: పాదం పైన తిమ్మిరి, బొటనవేలు పైకి లేవదు, నడుస్తుంటే చెప్పు జారిపోతుంది. దాని కిందిది, ఎల్5-ఎస్1 (ఎస్ అంటే నడుం కింది త్రికాస్థి) అయితే ఎస్1 నరం: చిటికెనవేలి వైపు తిమ్మిరి, ఆ కాలి మునివేళ్ల మీద నిలబడలేరు.

పరిష్కారం: వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీలకు ఇది తెలిసిన బాధే. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో తగ్గుతుంది. బరువులు ఎత్తొద్దు, అట్లని మంచానికే అతుక్కోవద్దు, ఓర్చుకోగలిగినంత నడవాలి. పాదం లేవకుంటే మాత్రం వెంటనే స్పెషలిస్టుకు చూపించాలి.

సమస్య: మూత్రం సరిగా రాదు, కూర్చునే చోట మొద్దుబారింది

కారణం: పెద్ద డిస్క్ ముక్క నడిమధ్యకు జారి గుర్రపు తోకలాంటి ఆ నరాల కట్ట మొత్తాన్ని నలుపుతోంది. మూత్రాశయం, మలద్వారం ఎస్2, ఎస్3, ఎస్4 నరాల చేతిలో ఉంటాయి. బండి సీటుకు ఆనే చోట స్పర్శ పోతుంది; కడుక్కుంటే నీళ్లు తగిలినట్టు తెలియదు. రెండు కాళ్లూ గుంజొచ్చు.

ఇక్కడే మోసపోతారు. చుక్కచుక్కగా పడుతుంటే ‘వస్తూనే ఉంది కదా’ అనుకుంటారు. నిజానికి మూత్రపు సంచి నిండి పొంగిపోతోంది; స్పర్శ లేదు కాబట్టి నొప్పీ తెలియదు. మూత్రం పోసుకున్నాక కూడా స్కానింగ్‌లో 200 మిల్లీలీటర్లకు మించి మిగిలితే అనుమానం గట్టిపడుతుంది.

పరిష్కారం: తెల్లారేదాకా చూడొద్దు. ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది, మాలిష్ అంటూ పొద్దు గడపొద్దు. 108కి ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. మూత్రం చివరిసారి మామూలుగా ఎప్పుడొచ్చింది, మొద్దు ఎప్పుడు మొదలైంది, ఈ రెండూ ముందే చెప్పాలి. ఎక్స్‌రేలో నరాలు కనపడవు, ఎంఆర్‌ఐ కావాలి. ఆపరేషన్ 48 గంటల్లోపు, వీలైతే ఇంకా ముందే జరగాలి. మూత్రం పూర్తిగా ఆగకముందే చేరినవాళ్లు ఎక్కువగా కోలుకుంటారు.

సమస్య: రెండు పాదాలూ సమానంగా తిమ్మిరి, నడుం నొప్పి లేదు

కారణం ఎక్కువగా షుగర్. ముందు రక్త పరీక్ష చేయించండి.