ఇంట్లోవారి నిద్ర చెడకుండా తెల్లవారుజామున 4 గంటలకు లేవడం

నెల్లూరు జిల్లాలో రొయ్యల గుంటలు సాగు చేసేవారికి తెల్లవారుజామున లేవక తప్పదు. పగలు ఎండ ఉన్నంతసేపు నీటిలో తేలే సూక్ష్మమైన నాచు, అంటే ప్లాంక్టన్, ఆక్సిజన్‌ను ఇస్తుంది గాని, చీకటి పడ్డాక అది కూడా రొయ్యలతోపాటు ఆ ఆక్సిజన్‌నే వాడుకుంటుంది కాబట్టి, సూర్యోదయానికి కాస్త ముందు గుంటలో ఆక్సిజన్ అన్ని వేళలకంటె తక్కువగా ఉంటుంది. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో, రొయ్యలు పైకి తేలుతున్నాయేమో చూడవలసింది ఆ వేళలోనే. నేను నెల్లూరులో కాపురం ఉంటూ ఇందుకూరుపేట మండలంలోని గుంటకు వెళ్తుంటాను. ఇంట్లో మా అమ్మ, నా భార్య, పదో తరగతి చదివే అమ్మాయి, మూడేళ్ల బాబు ఉన్నారు. మొదటి రెండు నెలలు వీరందరూ నాతోపాటే లేచారు. ఒకనాడు పాలగిన్నె మీది మూత జారి గచ్చు మీద గిరగిరా తిరిగి ఆగేసరికి బాబు ఏడుపు అందుకున్నాడు, ఇక ఆ రోజు ఎవరికీ నిద్ర లేదు. ఆ తరువాత నేర్చుకున్న పద్ధతులను ఇక్కడ రాస్తున్నాను. మొదటి బస్సు అందుకోవలసినవారికి, చదువుకోవడానికి లేచే పిల్లలకు కూడా ఇవే పనికివస్తాయి.

ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. గాఢనిద్రలో ఎక్కువ భాగం రాత్రి తొలి సగంలోనే గడిచిపోతుంది; మలిజాములో నిద్ర పలచబడి కలలు ఎక్కువవుతాయి. రాత్రి 11 గంటలకు బిందె దొర్లినా కదలని మనిషి 4 గంటలకు గడియ తీసిన చప్పుడుకే కళ్లు తెరవడానికి కారణం ఇదే. వయసు మళ్లినవారి నిద్ర మరీ తేలిక. అందుచేత పొద్దున పనులను మెల్లగా చేయడం నేర్చుకోవడంకంటె, వాటిలో సగాన్ని రాత్రికే ముగించడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

భోజనాలయ్యాక ఒక పావుగంట ఇందుకు కేటాయించండి. వేసుకోవలసిన చొక్కా, ప్యాంటు, తువ్వాలు, టార్చిలైటు, పర్సు అన్నీ ఒక గుడ్డసంచిలో పెట్టి పడకగదిలో కాక హాలులో ఉంచాలి. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు; చీకట్లో దాని చప్పుడంత చికాకు పెట్టేది మరొకటి లేదని నా అభిప్రాయం. తాళంచెవుల గుత్తిని చేతిరుమాలులో చుట్టి పెట్టుకుంటే గలగలమనదు. బీరువా తలుపు పొద్దున తెరవవలసిన అవసరమే రాకూడదు. బకెట్టులో నీళ్లు రాత్రే నింపి ఉంచితే ఆ వేళలో మోటారు వేయనక్కర లేదు, ఖాళీ బకెట్టులో కొళాయి నీళ్లు ధారగా పడే మోతా ఉండదు. తలుపు బందులకు నెలకోసారి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేయండి. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్లకు దుమ్ము పట్టి జిగురై, కిర్రుమనే శబ్దం మళ్లీ మొదలవుతుంది.

అలారం విషయంలో చాలామంది పొరపాటు పడతారు. మోగగానే ఆపి, మరో పది నిమిషాలకు మళ్లీ మోగనిచ్చేవారు తాము లేచేలోపు ఇల్లంతటినీ మూడుసార్లు లేపుతారు. ఒకే అలారం పెట్టుకోవాలి, అది మోగిన వెంటనే లేచి కూర్చోవాలి. చేతికి కట్టుకునే బ్యాండు లేదా స్మార్ట్‌వాచీ ఉంటే అది మణికట్టు దగ్గర మాత్రమే వణుకుతుంది, పక్కనున్నవారికి తెలియదు. ఫోనే వాడేవారు వైబ్రేషన్ పెట్టి పరుపు మీద చేతికి అందేలా ఉంచుకోవచ్చు. మంచం చెక్క మీదో పక్కనున్న బల్ల మీదో పెడితే చెక్క ఆ వణుకును పెద్దది చేసి గుర్రుమంటుంది. ఛార్జింగులో ఉన్న ఫోనును దిండు కింద పెట్టడం మాత్రం ప్రమాదకరం. అలారం లేకుండా లేవగలగాలంటే నిద్ర సరిపోవాలి: పెద్దవారికి కనీసం 7 గంటల నిద్ర కావాలి గనుక 4 గంటలకు లేచేవారు 9 గంటలకు పడుకోవాలి. ఇక్కడే ఇంట్లోవారితో ఒక ఒప్పందం కుదుర్చుకోవచ్చు. రాత్రి 9 తరువాత టీవీ శబ్దం తగ్గించమని నేను అడిగాను. పొద్దున చప్పుడు చేయవద్దని అడిగే హక్కు దానితో వారికీ వచ్చింది.

నెల్లూరు దోమల సంగతి తెలియనిది కాదు. దోమతెరలోంచి బయటికి వచ్చేటప్పుడు అంచును నడుము ఎత్తు వరకు లేపితే చాలు, ఒక దోమ లోపలికి చేరుతుంది. మీరు చేయని చప్పుడు అది చేస్తుంది. పడుకునేటప్పుడే గోడవైపు కాక బయటివైపు పడుకుని, పరుపు కింద దోపిన అంచును జానెడు మేర మాత్రమే తీసి, కాళ్లు ముందుగా దించి జారి, మళ్లీ దోపాలి. వరండా తలుపు కూడా గాలి కోసమని తెరిచి ఉంచకూడదు. ఫ్యాను జోలికి అసలు పోవద్దు. దాని ఎడతెగని హోరు చిన్న చప్పుళ్లను కప్పేస్తుంది. చలిగా ఉందని మీరు దాన్ని ఆపిన క్షణం నుంచి మీ అడుగులు కూడా వినబడతాయి.

ట్యూబులైటు వేయకుండా టార్చిని నేలకు పట్టి నడవండి. జనవరిలో ఇక్కడ 6.30 దాటితే గాని సూర్యుడు రాడు కనుక చీకటి చాలాసేపు ఉంటుంది, హాలులో దీపం వేస్తే తలుపు సందులోంచి వెలుతురు గదిలోకి పోతుంది. ఆ సందుకు పాత దుప్పటిని చుట్టగా చుట్టి అడ్డం పెట్టవచ్చు. జూన్‌లో 5.45 కల్లా పొద్దు పొడుస్తుంది కాబట్టి, మీరు ఎంత నిశ్శబ్దంగా వెళ్లినా పిల్లలు లేస్తారు, కిటికీకి మందపాటి తెర ఉంటే తప్ప. గాజులు వేసుకునే స్త్రీలు వాటిని మోచేతివైపు పైకి తోసుకుంటే చప్పుడు తగ్గుతుందని మా అమ్మ చెబుతుంది. ధనుర్మాసంలో ఆమె ముగ్గుకు లేచేది ఆ విధంగానేనట.

పడకగదిలో ఉన్న స్నానాలగదిని వదిలి పెరటివైపు దాన్ని వాడుకోండి. కాఫీ లేనిదే కదలలేనివారు డికాషన్‌ను రాత్రే దించి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. లైటరు టిక్కుటిక్కు బదులు అగ్గిపుల్ల, స్టీలు గ్లాసు బదులు పింగాణీ కప్పు. పాలు పొంగకముందే దించి, పట్టకారును స్టవ్వు మీద పడవేయకుండా గుడ్డ మీద పెట్టాలి. మిక్సీ, కుక్కరు విజిల్ ఉన్న పనులేవీ ఆ వేళకు ఉంచుకోకూడదు. పాలు పోసే అతనికి ముందే చెప్పి గేటుకు ఒక సంచి తగిలిస్తే అతను కాలింగ్‌బెల్లు కొట్టడు.

చెప్పులు గడప దాటాకే వేసుకోండి. తలుపు మూసేటప్పుడు గడియను వేలితో పట్టుకుని ఆనించాలి, వదిలేస్తే అది దానంతటదే టక్కుమంటుంది. బండిని ఇంటి ముందు స్టార్టు చేయకుండా వీధి మలుపు వరకు తోసుకుపోవడం నాకు అలవాటైంది. మొదట్లో ఎదురింటి కుక్క దొంగనుకుని మొరిగేది. వారం రోజులు రోజూ ఒక బిస్కెట్టు వేశాక తోక ఆడిస్తూ మలుపు దాకా వెంట వస్తోంది.