విండోస్ అప్‌గ్రేడ్ తర్వాత వైఫై పడిపోతుంటే: నా అనుభవం

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా, తిరుపతిలో మా ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌ని 11కి మార్చాను. అప్పటి నుంచి వైఫై ఉన్నట్టుండి పోవడం, మళ్లీ దానంతటదే రావడం. చెల్లెలి ఆన్‌లైన్ క్లాసులో మరీ ఎక్కువ.

నెట్ కనెక్షన్ అబ్బాయి వచ్చి, "రౌటర్ పాతదైపోయిందన్నా, మార్చేయండి" అన్నాడు. "మరి ఇదే గదిలో ఫోన్‌కి ఆగకుండా వస్తోందే?" అంటే నవ్వేసి ఊరుకున్నాడు. ఫోన్‌కి బాగా వస్తుంటే రౌటర్ మీద డబ్బు తగలేయకండి, ముందు ల్యాప్‌టాప్‌ని అనుమానించండి.

కమాండ్ ప్రాంప్ట్‌ని (ఆదేశాలు టైప్ చేసే విండో) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'netsh wlan show wlanreport' అని కొడితే, గత 3 రోజుల కనెక్షన్ చిట్టా బ్రౌజర్‌లో చూసుకునే ఫైలుగా వస్తుంది. ఎప్పుడు పోయింది, ఎందుకు పోయింది, అన్నీ ఉంటాయి. నా దాంట్లో దాదాపు ప్రతిసారీ డ్రైవరే (వైఫై కార్డును విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) కనెక్షన్ తెంచేసింది.

డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్‌కి వెళ్లి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం కార్డును ఆపేయొచ్చనే టిక్ తీసేశాను. (కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే కనిపించదు.) కాస్త నయం, అంతే. అసలు మందు డ్రైవరే. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో నా మోడల్‌కి, 11 కోసం ఇచ్చిన డ్రైవర్‌ని ఫోన్‌తో దించి, కేబుల్‌తో ఎక్కించి, వేసి రీస్టార్ట్ చేశాను. క్లాసులు ఆగడం మానేశాయి.

రౌటర్ ఇచ్చే రెండు రకాల సిగ్నళ్లలో, వంటగదిలోకి మాత్రం 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటి సరిగా రాదు. అక్కడికి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వాడుతున్నాం. అపార్ట్‌మెంట్‌లో అందరి రౌటర్లూ దాని మీదే కాబట్టి, ఒకదానికొకటి అడ్డురాని 1, 6, 11 ఛానళ్లలో (ఆ సిగ్నల్ వెళ్లే దారులు) రద్దీ తక్కువున్న 11 పెట్టాను.