డ్రాగన్ వచ్చేటప్పుడు ఏ మ్యూజిక్ పెట్టాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట: ఒకరు (డీఎం, అంటే డంజన్ మాస్టర్) కథ చెబుతూ రాక్షసులను నడిపిస్తుంటే, మిగతావాళ్లు తలా ఒక క్యారెక్టర్‌గా డైస్ (పాచికలు) వేస్తూ ఆడతారు. దానికి వెనక సంగీతం పెట్టాలంటే ముందు ఒక పరీక్ష చేయండి. మీరు ఎంచుకున్న ట్రాక్ ప్లే చేసి, రోజూ ఇంట్లో మాట్లాడే గొంతుతోనే ఏదైనా ఒక పేజీ చదవండి. ఎదురుగా కూర్చున్న మనిషి ఒక్కసారి "ఏందీ?" అని అడిగినా ఆ ట్రాక్ మీ ఆటకు పనికిరాదు, వినడానికి ఎంత గొప్పగా ఉన్నా సరే. ఈ ఆట మ్యాప్ లేకపోయినా నడుస్తుంది, బొమ్మలు లేకపోయినా నడుస్తుంది. మాట వినపడకపోతే మాత్రం నడవదు.

నాకీ పిచ్చి నాన్న దగ్గర నుంచి వచ్చింది. ఒంగోల్లో మాది మైక్ సెట్ షాపు. తిరునాళ్లలో పౌరాణిక నాటకాలకు నాన్న మైకులు కడుతుంటే స్టేజీ పక్కన కూర్చుని చూసేదాన్ని. హార్మోనిస్టు పద్యం ఎత్తుకునే ముందు శృతి ఇస్తాడు, రాగం తీస్తుంటే వెంట నడుస్తాడు, వచనం మొదలవగానే హార్మోనియం మెట్ల మీద నుంచి చేతులు తీసేస్తాడు. ఇప్పుడు ఆదివారాలు మా మేడ మీద గదిలో డీఎంగా కూర్చున్నప్పుడు నేను చేసేదీ అదే. ఏ పాట బాగుందన్నది తర్వాత. ఎక్కడ ఎత్తుకోవాలి, ఎక్కడ ఆపాలి అన్నది ముందు.

మన ఇళ్లలో ఆడేవాళ్లు ఇంకొకటి లెక్కలోకి తీసుకోవాలి: ఫ్యాను. ఎండాకాలం ఒంగోల్లో ఫ్యాన్ కట్టేసి ఆట ఆడమంటే ప్లేయర్లు లేచి వెళ్లిపోతారు. ఐదులో తిరిగే ఫ్యాన్ కింద గాలి శబ్దం, సన్నటి వాన, రాత్రి అడవి లాంటి ట్రాకులు అసలు తెలియవు. వినపడాలని వాల్యూమ్ పెంచితే స్పీకర్ బుస కొడుతున్నట్టుంటుంది. అందుకే స్వరం స్పష్టంగా పలికే వాద్యాలు చూసుకోండి. చెల్లో, వీణ, కింది స్థాయిలో ఊదే వేణువు బాగా పనిచేస్తాయి. మన మాటల్లో క, చ, ట, త లాంటి హల్లులు విడివిడిగా తెలిసేది ఎక్కువగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య. పైస్థాయి వయొలిన్లు, తాళాలు, ఈలలు సరిగ్గా అక్కడికే వచ్చి కూర్చుంటాయి. వాల్యూమ్ తగ్గించినా మాటకు అడ్డం పడేవి అవే. మరీ లోతైన గర్జనలున్న ట్రాకులూ వద్దు, అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ వాటిని పలికించలేదు.

సాహిత్యం ఉన్న పాటలు వద్దని వేరే చెప్పక్కర్లేదు. సినిమా బీజీఎంలు కూడా వద్దు. మా పిన్ని కొడుకు రెండు సెకన్లు వినగానే "అక్కా, ఇది ఫలానా హీరో ఎంట్రీ కదా" అంటాడు, ఇక టేబుల్ మీద గాబ్లిన్లు పోయి ఆ హీరో వచ్చి కూర్చుంటాడు. వీడియో గేముల కోసం చేసిన సంగీతం మేలు. ఆడేవాడు ఒక గుహలో రెండు నిమిషాలుంటాడో గంట ఉంటాడో చేసేవాళ్లకు తెలియదు కాబట్టి, చివర మొదలుకు అతికేట్టు, ఎన్నిసార్లు తిరిగినా విసుగు రాకుండా చేస్తారు. మనకు కావాల్సింది కూడా అదే.

ఇక కొట్లాట. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. "ఎపిక్ బ్యాటిల్" అని వెతికి, డ్రమ్ములు దద్దరిల్లే మూడు నిమిషాల ట్రాక్ ఒకటి లూప్‌లో పెట్టేస్తారు. లెక్క చూడండి. ఆట లోపల ఒక రౌండ్, అంటే అందరి వంతూ ఒకసారి రావడం, 6 సెకన్లు. ఐదారు రౌండ్ల యుద్ధం కథలో అర నిమిషంలో అయిపోతుంది, టేబుల్ దగ్గర మాత్రం గంట పడుతుంది. ఒకడు స్పెల్ (మంత్రం) వివరణ చదువుతుంటాడు, ఇంకొకడు డైస్ కింద పడితే మంచం కింద వెతుకుతుంటాడు. ఆ గంటలో మూడు నిమిషాల ట్రాక్ ఇరవై సార్లు తిరుగుతుంది. నాలుగోసారికే ఎవరికీ టెన్షన్ ఉండదు, తలనొప్పి ఉంటుంది.

నేను యుద్ధాన్ని మూడు ముక్కలు చేస్తాను. ఎవరి వంతు ముందో తేల్చే ఇనీషియేటివ్ డైస్ వేసేటప్పుడు పెద్ద డ్రమ్ముల ట్రాక్, అదీ మొదటి రౌండ్ వరకే. రెండో రౌండ్ నుంచి సన్నగా ఒకే నడకలో సాగేది, మెలోడీ లేకుండా లయ ఒక్కటే ఉండేది. దాని కింద ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. శత్రువు సగం చచ్చాడనో, రెండో తల బయటపెట్టాడనో చెప్పే క్షణంలో మళ్లీ పెద్దది. ఎవరి క్యారెక్టరైనా సున్నా హిట్ పాయింట్లకు (ప్రాణబలం లెక్క) పడిపోయి, బతుకుతాడో లేదో తేల్చే డెత్ సేవ్ వేయాల్సి వస్తే మొత్తం ఆపేస్తాను. ఇరవై ముఖాల డైస్ మీద 10 లేదా ఆపైన పడాలి, మూడుసార్లు తప్పితే మనిషి పోయినట్టే. మేం డైస్ స్టీలు పళ్లెంలో వేస్తాం. పాట ఆగిన గదిలో ఆ పళ్లెం చప్పుడు కన్నా భయపెట్టే బీజీఎం నాకింతవరకు దొరకలేదు. పళ్లెంలో గుడ్డ పరచమని మా అమ్మ గొడవ, ఆ ఒక్క విషయంలో నేను వినను.

ఊళ్లు, అడవులు, ప్రయాణాల కోసం నెట్లో దొరికేవి సరిపోకపోతే మీరే రికార్డు చేసుకోండి. కొత్తపట్నం బీచ్‌లో అలలు ఫోన్లో పట్టాను. మైకు రంధ్రం మీద పల్చటి నూలు గుడ్డ రెండు మడతలు వేసి పట్టుకుంటే గాలి బరబర చాలావరకు తగ్గుతుంది. వ్యాపారుల బండ్ల గుంపు వస్తుందంటే నేను పెట్టేది ఎడ్ల పందేల దగ్గర పట్టిన గిత్తల మెడ గంటలు. ప్లేయర్లు తలెత్తి కిటికీ వైపు చూశారు. అన్నింటికంటే పనికొచ్చింది మాత్రం వానాకాలం పొలం గట్టున పట్టిన కప్పల అరుపు. ఎడిటింగ్ యాప్‌లో వేగం సగం చేస్తే శృతి కూడా ఒక స్థాయి కిందికి దిగుతుంది. యాప్‌లో శృతి మారకుండా ఉంచే ఆప్షన్ ఉంటే అది తీసేయండి. అప్పుడు అవి కప్పలని ఎవరూ పోల్చుకోలేరు, బురదలో ఏదో పెద్దది కదులుతోందనుకుంటారు.

మన రాగాలు వాడుకోవచ్చా అంటే వాడుకోవచ్చు, కానీ చూసుకుని. ఎవరైనా చనిపోయిన దృశ్యానికి వీణ మీద శుభపంతువరాళి ఆలాపన పెట్టండి, ఇంకేమీ అక్కర్లేదు. లాంగ్ రెస్ట్ తీసుకుని అందరూ పడుకుంటే నీలాంబరి, జోలపాటల రాగమే కదా. నాదస్వరం పెడితే మాత్రం ఎల్ఫుల రాజసభ కాస్తా పెళ్లి పందిరి అయిపోతుంది. పున్నాగవరాళి రెండు స్వరాలు వినపడగానే తెలుగువాడు పాము వస్తుందని కాళ్లు పైకి పెట్టుకుంటాడు, కాబట్టి నిజంగా నాగరాక్షసుడు వచ్చేటప్పుడు అది పెట్టి గుట్టు రట్టు చేయకండి. పాము లేని గుహలో పెట్టండి, చాలా బాగుంటుంది.

మిగతావి చిల్లర పనులే గానీ సెషన్ పాడయ్యేది వీటివల్లే. ట్రాకులన్నీ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లేకపోతే డ్రాగన్ నోరు తెరిచేసరికి నగల షాపు ప్రకటన వస్తుంది. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. పాటకు ఫర్వాలేదు, తలుపు విరిగిన చప్పుడు లాంటి వాటికి వైరే వాడండి. స్పీకర్ డీఎం ముందు కాదు, ప్లేయర్ల వెనక గోడ దగ్గర పెట్టండి. డీఎం పక్కనుంటే రెండూ ఒకే దిక్కు నుంచి వచ్చి కలిసిపోతాయి. ఫైళ్లకు ఊరు, అడవి, కొట్లాట 1, కొట్లాట 2, భయం అని పేర్లు మార్చుకోండి, ఆట మధ్యలో ఇంగ్లీషు ట్రాక్ పేర్లు చదువుతూ వెతికే తీరిక ఉండదు. అన్నీ కలిపి పదికి మించనివ్వకండి.

రాక్షసులనూ పాటలనూ ఒక్కరే చూసుకోవడం కష్టమనిపిస్తే ఫోన్ ఒక ప్లేయర్‌కి ఇచ్చేయండి. మా దగ్గర పద్ధతేమిటంటే, ఎవరి క్యారెక్టర్ స్పృహ తప్పి పడిపోయిందో ఫోన్ వాళ్ల చేతికి వెళ్తుంది. డెత్ సేవ్ వేయడం తప్ప వాళ్లకు వేరే పనుండదు, పైగా ఎక్కడ ఆపాలో ఆ సమయంలో వాళ్లకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.