టేకు తోటను పలచన చేయడం ఎలా? నరకడానికి చేయి రాని వాళ్ల కోసం

హైదరాబాద్‌లో ఉద్యోగం, వికారాబాద్ వైపు కాస్త పొలం, అందులో టేకు. నాలాంటి ఆదివారం రైతులకు నాటడం బాగానే వచ్చు. పదేళ్లకు చూస్తే చెట్లు పందిరి గుంజల్లా ఉంటాయి, ఎందుకంటే ఒక్కటీ తీసి ఉండరు.

మొదటి పనుల్లో పెద్ద విద్య లేదు. నీళ్లు నిలవని నేల, జూన్, జులై వానలకు స్టంపులు (వేరూ కాండమూ పొట్టిగా కత్తిరించిన నారు మొక్కలు), రెండు మీటర్లకొకటి చొప్పున ఎకరాకు సుమారు 1000. రెండు మూడేళ్లు కలుపు తీయండి, పక్క కొమ్మలు లేతగా ఉండగానే కోసేయండి.

అసలు పని అయిదారేళ్లకు వస్తుంది. వానలు తగ్గాక, ఆకు ఉండగానే తోట మధ్యలో నిలబడి తలెత్తండి. తలలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఆకాశం కనబడకపోతే టైమ్ అయినట్టే. ఆకు రాల్చాక మార్చిలో వెళ్తే తోటంతా ఖాళీగా కనిపించి మోసం చేస్తుంది.

వంకరవి, రెండుగా చీలినవి, పక్క చెట్ల కింద అణిగిపోయినవి పోవాలి. సుమారు సగం. వరుస విడిచి వరుస కొట్టేయమంటారు కొందరు, సులువే, కానీ మంచి చెట్టు ఏ వరుసలో ఉందో చూడకుండా కొట్టడం నాకు నచ్చదు. అలాగని సగానికి మించి ఒకేసారి తీయకండి, మాను మీద ఎండ పడి ఒళ్లంతా పిలకలు పుడతాయి, అవే రేపు చెక్కలో ముడులు.

గుర్తు మాత్రం ఉంచే చెట్లకే పెట్టాలి. ఛాతీ ఎత్తున ఒక తెల్ల పట్టీ, చెట్టు మొదలు దగ్గర నేలకు ఆనుకుని ఇంకొకటి. కింది పట్టీ ఎందుకంటే, మొదటిసారి ఎంపిక కొనేవాడికే వదిలేశాను, లావువన్నీ బండెక్కాయి, వంకరవి నాకు మిగిలాయి. ఇప్పుడైతే మాను పోయినా మొద్దు మీది రంగు సాక్ష్యం చెబుతుంది. లావువి ఇప్పుడు అమ్మితే వాసాల ధరే, చేవ పట్టేదాకా ఉంచితేనే కలప.

గొడ్డలి పట్టేముందే అటవీ శాఖ దగ్గర వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద కొట్టడానికి అనుమతి, తరలించడానికి పర్మిట్ తీసుకోండి. కాగితం చేతికి రాకముందే కూలీలను మాట్లాడుకుని టెన్షన్ పడకండి.

కొట్టిన మొద్దులు తొలి వానకే చిగురిస్తాయి. అయ్యో బతికింది కదా అని మురిసిపోతారు, నేనూ మురిశాను. ఆ చిగుళ్లు విరిచేయండి, లేకపోతే మూడేళ్లలో తోట మళ్లీ గుబురే.