ప్రాజెక్టు స్టాఫ్ నియామకం - 4వ పాఠం: 'కన్సాలిడేటెడ్' అనే మాట, ఒక్కరోజు బ్రేక్ అనే జబ్బు

ఈసారి జాయినింగ్ రిపోర్టు గురించి చెప్తానన్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. ఎందుకంటే పోయినసారి యూనివర్సిటీ పరిశోధన ప్రాజెక్టులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) పోస్టుకు ప్రకటన రాసి పంపమంటే, దాదాపు అందరూ ఒకే గోతిలో పడ్డారు. "నెలకు రూ. 37,000 (కన్సాలిడేటెడ్)" అని రాశారు. సరిగ్గా రాసినవాళ్లు ఇద్దరే. వాళ్లలో ఒకావిడ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తారు కాబట్టి ఆవిణ్ణి లెక్కలోంచి తీసేయండి.

తప్పు కొంత నాది కూడా. "పారితోషికం స్పష్టంగా రాయండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. మీరంతా మీ డిపార్ట్‌మెంట్‌లో ఉన్న పాత ప్రకటన తీసి, అంకె మార్చి పంపారు. పాత ప్రకటనలో ఆ మాట ఉంది, కొత్తదాంట్లోకీ వచ్చేసింది. నేను సర్వీసులో ఉండగా నోట్ ఫైళ్లలోనూ ఇదే చూసేవాణ్ణి.

కన్సాలిడేటెడ్ అంటే "అన్నీ కలిపి ఇంతే, ఇంకేం అడగొద్దు" అని అర్థం. కానీ మీ శాంక్షన్ ఆర్డర్, అంటే ప్రాజెక్టుకు డబ్బిచ్చే ఏజెన్సీ మంజూరు ఉత్తర్వు, ఏమంటోంది? డీఎస్‌టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం), దాని దారిలో నడిచే ఏజెన్సీల ప్రాజెక్టులైతే 2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్‌కు 37,000, ఎస్ఆర్ఎఫ్‌కు (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 42,000, దానికి తోడు హెచ్ఆర్ఏ, అంటే ఇంటి అద్దె భత్యం. డీఏ (కరువు భత్యం) లేదు, బోనస్ లేదు, ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) లేదు. హెచ్ఆర్ఏ మాత్రం ఉంది. హాస్టల్ గది ఇస్తే లేదు, ఇవ్వకపోతే ఉంది. ఫెలోషిప్ మొత్తాన్నే బేసిక్‌గా తీసుకుని లెక్కకట్టాలి.

ఇక్కడ స్టేట్ యూనివర్సిటీల వాళ్లకు ఇంకో మెలిక. అకౌంట్స్‌లో అలవాటు కొద్దీ రాష్ట్ర ప్రభుత్వ స్లాబు వేసేస్తారు. వేయకూడదు. డబ్బు కేంద్రానిది, రేటూ కేంద్రానిదే. కేంద్ర ఉద్యోగుల డీఏ 50 శాతానికి చేరాక, అంటే 2024 జనవరి నుంచి, హెచ్ఆర్ఏ కోసం కేంద్రం ఊళ్లను విడదీసిన ఎక్స్, వై, జెడ్ తరగతుల్లో ఎక్స్ నగరాలకు 30, వైకు 20, జెడ్‌కు 10 శాతం. హైదరాబాద్ ఎక్స్. విజయవాడ, విశాఖ, గుంటూరు, నెల్లూరు, వరంగల్ వై. ఆ జాబితాలో లేని ఊరు జెడ్.

ఇప్పుడు ఆ ఒక్క మాట ఖరీదెంతో చూడండి. హైదరాబాద్‌లో చేరిన జేఆర్ఎఫ్‌కు నెలకు 11,100 హెచ్ఆర్ఏ రావాలి. మీరు ప్రకటనలో కన్సాలిడేటెడ్ అన్నారు, అదే అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లోకి ఎక్కింది. ఆ అమ్మాయి హెచ్ఆర్ఏ బిల్లు పెట్టగానే ఆడిట్‌లో ఆర్డర్ తిరగేసి "రాసుకున్నది ఇంతే కదా" అని వెనక్కి పంపుతారు. రెండేళ్లకు 2,66,400 రూపాయలు. ఆ డబ్బు ఏజెన్సీ ఇచ్చింది, మీ ఖాతాలోనే ఉంది, మనిషికి అందలేదు. చివర్లో వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, అంటే జీఎఫ్ఆర్ 2017 ప్రకారం గ్రాంటు మీద వచ్చిన వడ్డీ కూడా మీది కాదు మరి.

బడ్జెట్ దగ్గరా ఇదే పొరపాటు. మూడేళ్ల ప్రాజెక్టుకు 37,000ని 36తో గుణించి 13,32,000 అని రాసినవాళ్లున్నారు. ఒక్కసారి హైదరాబాద్ లెక్క చేద్దాం. మొదటి రెండేళ్లు 37,000 + 11,100 = 48,100; 24 నెలలకు 11,54,400. రెండేళ్లు నిండి, కమిటీ సమీక్ష దాటితే మూడో ఏడు ఎస్ఆర్ఎఫ్. 42,000 + 12,600 = 54,600; 12 నెలలకు 6,55,200. మొత్తం 18,09,600. మీ లెక్కకు 4,77,600 తక్కువ పడింది. మూడో ఏడు మధ్యలో జీతాలు ఆగిపోయి, పీఐలు (ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్లు) ఏజెన్సీకి దండాలు పెడుతూ ఉత్తరాలు రాసేది ఇందుకే. వరంగల్ అయితే ఇదే లెక్క 16,70,400. జెడ్ ఊళ్లకు మీరే వేసుకోండి.

అర్హత గురించి ఒక్క మాట. నెట్ గానీ గేట్ గానీ, ఏజెన్సీ ఒప్పుకునే జాతీయ స్థాయి పరీక్ష గానీ లేనివాళ్లను జేఆర్ఎఫ్ అనకండి. వాళ్లను ప్రాజెక్ట్ అసోసియేట్‌గా తీసుకోవచ్చు, శాంక్షన్‌లో ఆ పోస్టు ఉంటే. 2020లో డీఎస్‌టీ ఇచ్చిన ఆదేశంలో ఆ పోస్టుకు పరీక్ష ఉన్నవాళ్లకు ఒక రేటు, లేనివాళ్లకు తక్కువ రేటు ఉన్నాయి. "మంచి పిల్లాడు సార్, ల్యాబ్‌లో చేయి తిరిగింది" అనేది ఆడిట్‌లో చెల్లదు.

నేను పాటించిన పద్ధతి ఒకటి చెప్తాను. శాంక్షన్ ఆర్డర్‌లో మ్యాన్‌పవర్ ఉన్న పేజీ జిరాక్స్ తీసి, పసుపు హైలైటర్ పూసి, ప్రకటన ఫైలుకు మొదటి కాగితంగా పెట్టేవాణ్ణి. రిజిస్ట్రార్ సంతకానికి వెళ్లినా, ఆడిట్‌కు వెళ్లినా ముందు ఆ పేజీయే కనపడాలి. మీ ప్రకటన వాక్యం ఇలా ఉంటే చాలు: "శాంక్షన్ ఆర్డర్ ప్రకారం నెలకు రూ. 37,000, నిబంధనల మేరకు హెచ్ఆర్ఏ." ఇంతకు మించి అలంకారాలు వద్దు. ప్రకటన ఎన్నాళ్లు ఉంచాలి, సెలక్షన్ కమిటీలో ఎవరుండాలి అన్నవి మీ యూనివర్సిటీ నిబంధనల్లో ఉంటాయి. అవి చదువుకోగలరు.

ఇక అసలు జబ్బు. పోయినసారి మోడల్ ఆర్డర్ పంపమంటే సగం మంది "89 రోజులకు నియమిస్తున్నాం", "11 నెలలకు నియమిస్తున్నాం, ఒక రోజు బ్రేక్ తర్వాత పొడిగించవచ్చు" అని రాశారు. ఎందుకు రాశారని అడిగితే ఒకే సమాధానం: "లేకపోతే పర్మనెంట్ చేయమని కోర్టుకు వెళ్తారట కదా సార్."

ఆ "అట"ను ఇవాళ పాతేద్దాం.

2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచ్ చెప్పింది: సరైన పద్ధతిలో భర్తీ కాని తాత్కాలిక ఉద్యోగి, ఎన్నాళ్లు పనిచేసినా అంతమాత్రాన పర్మనెంట్ చేయమని అడగలేడు. ఈ మాట బ్రేక్ ఉందా లేదా అన్నదాని మీద నిలబడలేదు, నియామకం ఎలా జరిగిందన్నదాని మీద నిలబడింది. 2009లో మహమ్మద్ అబ్దుల్ కదీర్ కేసు వచ్చింది. అస్సాం పోలీసులో సరిహద్దు చొరబాట్లు ఆపే స్కీము కింద తీసుకున్నవాళ్లది. ఏటా తీసేసి మళ్లీ వేసుకునేవారు. పర్మనెంట్ చేయడం కుదరదు అని కోర్టు చెప్పింది. అంతటితో ఆగలేదు. స్కీము నడుస్తున్నన్నాళ్లూ వాళ్లను కొనసాగించండి, ఏటేటా తీసేసి వేసుకోవడం మానండి అని కూడా చెప్పింది. మన ప్రాజెక్టుకు ఇది అచ్చంగా సరిపోతుంది. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు ఉద్యోగం, ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. ఆర్డర్‌లో ఆ ఒక్క ముక్క రాస్తే చాలు.

మరి భయపడాల్సింది ఏదీ లేదా? ఉంది, వేరేచోట. 2024 డిసెంబరులో జగ్గో కేసులో, కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చే పని, తోటపని చేసినవాళ్లను రెగ్యులర్ చేయమంది కోర్టు. ఎందుకంటే అది ఏడాది పొడవునా ఎప్పుడూ ఉండే పని. మీ ప్రాజెక్ట్ అసిస్టెంట్‌ను పరీక్షల విభాగానికి పంపి మార్కుల లిస్టులు కొట్టిస్తున్నారా? అడ్మిషన్ల కౌంటర్లో కూర్చోబెడుతున్నారా? కోర్టులో మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది అదీ. పైగా గ్రాంటు డబ్బుతో ఆఫీసు పని చేయించడం విడిగా ఒక తప్పు.

బ్రేక్ వల్ల నష్టం ఎలా ఉంటుందో నా టేబుల్ మీదే చూశాను. ఒక జేఆర్ఎఫ్ అమ్మాయి రెండేళ్లు పూర్తయి ఎస్ఆర్ఎఫ్‌కు అప్లై చేసింది. ఫైల్లో తొమ్మిది అపాయింట్‌మెంట్ ఆర్డర్లు, ఒక్కోటి 89 రోజులకు, మధ్య మధ్య ఒక్కో రోజు ఖాళీ. ఆ ఖాళీ రోజుల్లో కూడా ల్యాబ్ రిజిస్టర్‌లో ఆమె సంతకాలున్నాయి! బాక్టీరియా కల్చర్‌కు బ్రేక్ ఉండదు కదా. రెండేళ్లు వరుసగా చేయలేదని డీలింగ్ అసిస్టెంట్ కొర్రీ వేశాడు. ఆ ఆర్డర్లలో నాలుగింటిని ఆమోదానికి పైకి పంపిన (పుటప్) సంతకం నాదే. అది సరిచేయడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆమెకు పాత జీతమే.

దీనికంటే అన్యాయం ప్రసూతి సెలవు దగ్గర జరుగుతుంది. డీఎస్‌టీ నిబంధనల్లో జేఆర్ఎఫ్, ఎస్ఆర్ఎఫ్‌కు మామూలుగా క్యాజువల్ లీవే. కానీ ప్రసూతి సెలవు కేంద్ర ప్రభుత్వ ఆదేశాల మేరకు అన్ని కేటగిరీలకూ ఉంది. 89 రోజుల ఆర్డర్ ఉన్న చోట ఏం చేస్తారంటే, ఆమె సెలవు పెట్టగానే పాత ఆర్డర్ గడువు ముగిసిందని కొత్త ఆర్డర్ ఇవ్వరు. చేతికి మట్టి అంటకుండా మనిషిని తీసేయడం ఇది. ఇలాంటి నోట్ నా దగ్గరకు వస్తే నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు. పెట్టకపోతే ఏమైందన్నది వేరే కథ.

కాబట్టి ఆర్డర్‌లో కాలవ్యవధి ఇలా రాయండి: "చేరిన తేదీ నుంచి ఒక సంవత్సరం, పనితీరును బట్టి ప్రాజెక్టు ముగిసే వరకు పొడిగింపు, ప్రాజెక్టుతో పాటే ఈ నియామకం ముగుస్తుంది." పొడిగింపు ఆర్డర్ పాత గడువు అయిపోకముందే వెలువడాలి. పీఐలు ఇది మర్చిపోతారు. గడువుకు నెల ముందు మీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

ఎస్ఈఆర్‌బీ (సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు) ప్రాజెక్టులున్నవాళ్లు గుర్తుంచుకోండి, ఆ సంస్థ ఇప్పుడు ఏఎన్ఆర్ఎఫ్‌లో (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్) కలిసిపోయింది. కొత్త ప్రకటనల్లో పాత పేరు కాపీ చేయకండి. ముగ్గురు చేశారు.

అభ్యాసం. వరంగల్‌లో ప్రాజెక్టు, 2026 ఏప్రిల్ 1 నుంచి మూడేళ్లు. జేఆర్ఎఫ్ 2026 సెప్టెంబర్ 16న చేరింది, హాస్టల్ లేదు. 2027 నవంబర్ 1 నుంచి 180 రోజుల ప్రసూతి సెలవు. ఏ ఆర్థిక సంవత్సరానికి ఎంత ఖర్చవుతుందో విడివిడిగా లెక్కకట్టండి. మొదటి అపాయింట్‌మెంట్ ఆర్డర్, రెండు పొడిగింపు ఆర్డర్లు తేదీలతో సహా రాయండి. ఎస్ఆర్ఎఫ్ ఏ తేదీ నుంచి వస్తుందో, సెలవు వల్ల ఆ తేదీ వెనక్కి జరుగుతుందో లేదో మీ వాదన ఒక పేజీ నోట్ ఫైలుగా పెట్టండి. ఈసారి జవాబులు నేను ముందే ఇవ్వను. కన్సాలిడేటెడ్ అన్న మాట కనపడిన కాగితం చదవకుండానే వెనక్కి పంపుతాను.